బడికీ చెరువు గట్టుకీ మధ్య

2025 ఆగస్టు 27న భారత సరుకుల మీద అమెరికా సుంకం 50 శాతానికి చేరింది. ఆ రోజుల్లో భీమవరం, ఆకివీడు, కాళ్ల, వీరవాసరం వైపు ఏ ఇంట్లో చూసినా ఎగుమతి రొయ్యల లెక్కలే. వంద కౌంట్ ఎంత పలుకుతోంది, ముప్పై కౌంట్ ఎంత పడిపోయింది, పట్టుబడి చేసేద్దామా, ఇంకో పది రోజులు ఆగుదామా! ఆ మాటలు విన్నవాళ్లలో బడి పిల్లలూ ఉన్నారు. కిలోకు ఎన్ని రొయ్యలు తూగితే అది అన్ని కౌంటని ఇక్కడి తొమ్మిదో తరగతి పిల్లవాడికి ఎవరూ నేర్పనక్కర్లేదు. కానీ అదే పిల్లవాణ్ని హేచరీలో టెక్నీషియన్ ఏం చదివి ఉంటాడో అడగండి. రొయ్యల్లో యాంటీబయాటిక్ ఆనవాళ్లు పట్టుకునే ల్యాబులో ఎవరు పనిచేస్తారో, కంటైనర్ ఓడ ఎక్కేలోపు ఎన్ని కాగితాలు ఎవరి చేతుల మీదుగా వెళతాయో అడగండి. సమాధానం రాదు. ఆ పిల్లవాడు మందబుద్ధి కాదు. వాళ్ల నాన్న లీజుకు తీసుకున్న చెరువుకు రెండు కిలోమీటర్ల దూరంలో ఉన్న బడి, ఆ చెరువు గురించి అతనితో ఎన్నడూ మాట్లాడలేదు.

ఊరంతా పనితో కిటకిటలాడే చోట, ఆ పని బడి గేటు బయటే ఆగిపోవడం పశ్చిమ గోదావరి చదువుల్లో ఇప్పుడు పట్టించుకోవలసిన పెద్ద లోటు.

వనామీ రొయ్య సంగతే తీసుకుందాం. 2009లో మన దేశంలో సాగుకు అనుమతి పొందిన ఈ జాతికి తల్లి రొయ్యలు విదేశాల నుంచి విమానంలో వస్తాయి. చెన్నైలోని క్వారంటైన్ కేంద్రంలో ఉంచి, రోగాలు లేవని తేలాకే హేచరీలకు ఇస్తారు. అక్కడ గుడ్లు పెట్టించి, పిల్లల్ని పెంచి, సీడ్‌గా అమ్ముతారు. తెలివైన రైతు సీడ్ దింపుకునే ముందు పీసీఆర్ పరీక్ష చేయిస్తాడు. కోవిడ్ కాలంలో దేశమంతా విన్న పరీక్షే ఇది. ఇక్కడ అది తెల్లమచ్చల వైరస్‌ను వెతుకుతుంది. 1990ల మధ్యలో టైగర్ రొయ్య సాగును కోస్తా అంతటా కూల్చేసిన రోగం అదే.

సీడ్ చెరువులో పడ్డాక అసలు పాఠం మొదలవుతుంది. తెల్లవారుజామున మూడు, నాలుగు గంటల వేళ నీటికి గాలి అందించే ఏరేటర్లు ఆగిపోతే కాపలా మనిషి గుండె ఎందుకు గుభేలుమంటుంది? పగలంతా నీటిలోని నాచు ఎండ తగిలి ఆక్సిజన్ విడుదల చేస్తుంది. రాత్రి అదే నాచు రొయ్యలతో పాటు ఆక్సిజన్ పీల్చుకుంటుంది. అందుకే పొద్దు పొడిచే ముందు నీటిలో కరిగిన ఆక్సిజన్ అట్టడుక్కి చేరుతుంది. కిరణజన్య సంయోగక్రియ అని పుస్తకంలో ఓ బొమ్మతో సరిపెట్టే పాఠానికి ఇంతకంటే మంచి ప్రయోగశాల ఎక్కడుంది? సాయంత్రం ఆరింటికి ఒకసారి, తెల్లవారుజామున ఒకసారి, కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే డీఓ మీటరు ముంచి రీడింగు రాసుకున్న విద్యార్థికి ఆ పాఠం మళ్లీ చదవాల్సిన పని ఉండదు. చెక్ ట్రేలో మేత వేసి, రెండు గంటలయ్యాక పైకి తీసి ఎంత మిగిలిందో చూసి తర్వాతి మేత తగ్గించాలో పెంచాలో తేల్చుకోవడం నిష్పత్తుల లెక్క. కిలో రొయ్య రావడానికి ఎన్ని కిలోల మేత పట్టిందో చూస్తే లాభనష్టాల లెక్క. కరెంటు పోతే జనరేటర్ మీద నడిచే మోటార్ల లోడు ఎంతో చూస్తే భౌతికశాస్త్రం.

పట్టుబడి తర్వాత ఐసు, లారీ, ప్రాసెసింగ్ ప్లాంటు. అక్కడ తలలు తీయడం, వలవడం, సైజులవారీగా గ్రేడు చేయడం, మైనస్ 18 డిగ్రీల దగ్గర నిలవ చేయడం. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్ వంటి నిషిద్ధ మందుల జాడ ఉందేమో ల్యాబులో పరీక్షించడం. జాడ కనిపిస్తే యూరప్ నుంచి, అమెరికా నుంచి కంటైనర్ వెనక్కి వస్తుంది. 2023–24లో దేశం ఎగుమతి చేసిన సముద్ర ఉత్పత్తుల విలువ 60,523 కోట్ల రూపాయలు. అందులో సుమారు 40,000 కోట్లు శీతలీకరించిన రొయ్యలవే. దేశంలో పెంచే రొయ్యల్లో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది. ఈ మొత్తం గొలుసులో సూక్ష్మజీవశాస్త్రం చదివినవాళ్లు, రిఫ్రిజిరేషన్ మెకానిక్కులు, మేత కంపెనీ ఫీల్డ్ టెక్నీషియన్లు, ఎగుమతి పత్రాలు చూసే కామర్స్ పట్టభద్రులు, మోటార్లు చుట్టేవాళ్లు ఉన్నారు. ఒక్కొక్కరిది ఒక్కో దారి, ఒక్కో చదువు, ఒక్కో జీతం. ఆ దారుల పటం భీమవరంలోని ఏ పదో తరగతి గోడ మీదైనా వేలాడుతోందా?

పదో తరగతి పిల్లలకు కనిపించే తలుపులు రెండే. ఒకటి ఎంపీసీ, రెండోది బైపీసీ. 2025 మార్చిలో రాష్ట్రంలో 6.14 లక్షల మంది రెగ్యులర్ విద్యార్థులు పదో తరగతి పరీక్షలు రాశారు. ఆ ఏడాది దేశంలోని ఐఐటీలన్నిటిలో కలిపి సీట్లు 18 వేల చిల్లర. నీట్ రాసినవాళ్లు 22 లక్షల పైచిలుకు. అయినా మార్కుల జాబితా చేతికి రాగానే ఇంట్లో సాగే చర్చ ఐఐటీ, నీట్ పరీక్షల చుట్టూ, హాస్టల్ ఫీజు చుట్టూ తిరుగుతుంది. 2025–26 నుంచి ఇంటర్ బోర్డు గణితం, జీవశాస్త్రం రెండూ చదివే ఎంబైపీసీకి వీలు కల్పించింది. మంచి మార్పే. తలుపు పెరిగింది గానీ, తలుపు అవతల ఏముందో చూసి ఎంచుకునే అవకాశం పిల్లలకు ఇంకా దొరకలేదు. బైపీసీ తీసుకున్న అమ్మాయికి డాక్టర్ తప్ప మరో గమ్యం తెలియదు. డయాలసిస్ టెక్నాలజీ, రేడియోగ్రఫీ, ఫిజియోథెరపీ, ఆప్టోమెట్రీ వంటి యాభైకి పైగా వృత్తులను ఒక చట్రంలోకి తెస్తూ పార్లమెంటు 2021లో చట్టం చేసింది. భీమవరంలోని ఆసుపత్రులలో ఈ వృత్తుల వాళ్లు రోజూ పనిచేస్తూనే ఉన్నారు. వాళ్ల పక్కన రెండు రోజులు నిలబడి చూసిన పిల్లకు, నీట్‌లో ర్యాంకు రాకపోతే బతుకే అయిపోయిందనే భయం అంతగా పట్టదు.

గ్రామీణ యువత మీద 2023లో జరిగిన అసర్ సర్వే 14 నుంచి 18 ఏళ్ల వారిలో వృత్తి శిక్షణ వంటివి అందుకుంటున్నది 5.6 శాతమేనని తేల్చింది. 26 రాష్ట్రాల్లోని 28 జిల్లాల్లో తీసిన లెక్క అది. గోదావరి జిల్లాల పల్లెలు దీనికి ఏమంత భిన్నంగా ఉంటాయని ఆశించలేం.

విధానాల్లో లోటు లేదు. 2020 జాతీయ విద్యా విధానం 6 నుంచి 8 తరగతుల మధ్య ప్రతి విద్యార్థికీ పది రోజుల ‘బస్తా లేని’ కాలం ఉండాలంది. ఆ రోజుల్లో వడ్రంగి, తోటమాలి, కుమ్మరి, కళాకారుడు వంటి స్థానిక పనివాళ్ల దగ్గర పిల్లలు నేర్చుకోవాలని రాసింది. 2024 జులైలో ఎన్‌సీఈఆర్‌టీ దానికి మార్గదర్శకాలు విడుదల చేసింది. ఆరో తరగతికి ‘కౌశల్ బోధ్’ పేరుతో పాఠ్యపుస్తకమూ వచ్చింది. ప్రాణులతో పని, యంత్రాలూ వస్తువులతో పని, మనుషులకు సేవ చేసే పని అని మూడు రకాల ప్రాజెక్టులు అందులో ఉన్నాయి. శనివారాలను ‘నో బ్యాగ్ డే’గా పాటించాలని ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం 2025–26 నుంచి నిర్ణయించింది. 2016లో మొదలైన అటల్ టింకరింగ్ ల్యాబులు దేశంలో పది వేలు దాటాయి, ఒక్కోదానికి 20 లక్షల రూపాయల వరకూ గ్రాంటు ఇచ్చారు. మరో 50 వేలు పెడతామని 2025 కేంద్ర బడ్జెట్ ప్రకటించింది.

ఇంత ఉన్నా చెరువు గట్టు ఎందుకు దూరంగానే ఉంది? శనివారం బస్తా లేకుండా వచ్చిన పిల్లల్ని బడి ఆవరణలోనే ఉంచి క్విజ్, చిత్రలేఖనం, ఆటలతో గడిపేయడం సులువు. అవీ కావాలి, కాదనలేం. కానీ ఆ పిల్లల్ని బయటికి తీసుకెళ్లాలంటే ఎవరో ఒకరు ఉత్తరం రాయాలి, బస్సు మాట్లాడాలి, అవతలి సంస్థ యజమానితో మాట్లాడాలి, తల్లిదండ్రుల సంతకాలు తీసుకోవాలి. ఏదైనా జరిగితే ‘నిన్నెవరు తీసుకెళ్లమన్నారు’ అనే ప్రశ్నకు జవాబు చెప్పుకోవాలి. ఈ భారమంతా ఒక్క హెడ్మాస్టరు నెత్తిన పెడితే ఆయన గేటు మూసుకోవడంలో ఆశ్చర్యం లేదు.

మనం ఈ దారిలో నడవబోయి వెనక్కి రావడం ఇదే మొదలు కాదు. 1937లో వార్ధా సదస్సు గాంధీజీ బేసిక్ విద్యను దేశం ముందు పెట్టింది. 1964–66 కొఠారి కమిషన్ ప్రతి విద్యార్థికీ ‘పని అనుభవం’ ఉండాలంది. 1977లో ఈశ్వర్‌భాయ్ పటేల్ కమిటీ దాన్ని ‘సమాజోపయోగ ఉత్పాదక పని’గా మార్చింది. 1986 విద్యా విధానం 1995 నాటికి ఇంటర్ స్థాయి విద్యార్థుల్లో 25 శాతం మంది వృత్తి కోర్సుల్లో ఉండాలని లక్ష్యం పెట్టుకుంది. ఆ లక్ష్యం ఛాయలకు కూడా దేశం చేరలేదు. పరీక్షలో మార్కులు లేని సబ్జెక్టుకు పీరియడ్ దక్కలేదు. పీరియడ్ దక్కిన చోట నేర్పే మనిషి లేడు. నేర్పే మనిషి ఉన్న చోట ‘ఇది చదువు రాని వాళ్ల కోసం’ అన్న ముద్ర పడింది. మూడింటిలోనూ ఆఖరిదే ఎక్కువ చెరుపు చేసింది.

ఆ ముద్ర ఊరికే పడలేదు. 1953 జూన్‌లో అప్పటి మద్రాసు రాష్ట్ర ముఖ్యమంత్రి రాజగోపాలాచారి ఒక పథకం తెచ్చారు. పల్లె బడుల్లో పిల్లలు పూటలో కొంతసేపే చదువుకుని, తక్కిన సమయం ఇంటి దగ్గర తల్లిదండ్రుల వృత్తి నేర్చుకోవాలన్నది దాని సారాంశం. ఆ ఏడాది అక్టోబర్ 1న ఆంధ్ర రాష్ట్రం ఏర్పడే దాకా భీమవరం కూడా ఆ మద్రాసు రాష్ట్రంలోదే. చాకలి కొడుకు చాకలిగా, మంగలి కొడుకు మంగలిగా మిగిలిపోవాలా అని ప్రజలు నిలదీశారు. ద్రవిడ ఉద్యమం దాన్ని కుల విద్య అని పేరు పెట్టి ఎదిరించింది. 1954లో రాజాజీ పదవి వదిలారు, తర్వాత వచ్చిన కామరాజ్ ఆ పథకాన్ని ఎత్తేశారు. చేతిపని చదువు అనగానే దళిత, వెనకబడిన కులాల తల్లిదండ్రులు ఈనాటికీ అనుమానంగా చూడటానికి అలాంటి చరిత్ర ఉంది. వాళ్ల అనుమానం న్యాయమైనది. దానికి సమాధానం చెప్పకుండా ‘పని అనుభవం’ గురించి ఎవరు మాట్లాడినా వినాల్సిన అవసరం వాళ్లకు లేదు.

సమాధానం ఒక్క నిబంధనలో ఉంది. ఏ పిల్లనూ, ఏ పిల్లవాణ్నీ సొంత ఇంటివాళ్ల పనికి పంపకూడదు. నలభై ఎకరాల చెరువులున్న ఆసామి కొడుకు ప్రాసెసింగ్ ప్లాంటులో గ్రేడింగ్ బల్ల దగ్గర ఒక రోజు నిలబడాలి. అక్కడ వలుపు పని చేసే తల్లి కూతురు ల్యాబులో మైక్రోస్కోపు చూడాలి, పక్కూరి ఇంజనీరింగ్ కాలేజీలో మోటారు విప్పి బిగించాలి. లేసు అల్లే ఇంటి అమ్మాయి ఎగుమతి వ్యాపారి లెక్కల పుస్తకం చూడాలి. పెద్ద చదువులు చదివిన ఇళ్ల పిల్లలతో సహా ప్రతి ఒక్కరూ, ప్రైవేటు బడులతో సహా ప్రతి బడీ ఇందులో ఉండాలి. ప్రభుత్వ బడి పిల్లలకు మాత్రమే పెడితే పాత ముద్ర మళ్లీ పడుతుంది.

ఇలా అందరికీ ఒకేలా పెట్టి నడిపిస్తున్న చోట్లు ప్రపంచంలో ఉన్నాయి. 1995 కోబె భూకంపం, 1997లో పిల్లల చుట్టూ జరిగిన దారుణాలు కుదిపేశాక, జపాన్‌లోని హ్యోగో రాష్ట్రం 1998లో ఒక పని మొదలుపెట్టింది. మనకు ఎనిమిదో తరగతితో సమానమైన తరగతిలో ఉన్న ప్రభుత్వ బడి పిల్లలందరూ ఒక వారంలో ఐదు రోజులు తరగతి గది వదిలి దుకాణంలో, పొలంలో, ఆసుపత్రిలో, పసిపిల్లల బడిలో, అగ్నిమాపక కేంద్రంలో గడుపుతారు. ‘ట్రైయారు వీక్’ అని పిలిచే ఆ ఏర్పాటు పాతికేళ్లు దాటింది. అది నిలబడింది రెండు కారణాలతో అనుకోవచ్చు. ధనిక, పేద తేడా లేకుండా అందరూ వెళతారు. ఊళ్లోని వాళ్లు పిల్లల్ని తీసుకోవడం తమ బాధ్యత అనుకుంటారు. స్విట్జర్లాండ్‌లో తప్పనిసరి చదువు అయ్యాక మూడింట రెండు వంతుల మంది అప్రెంటిస్ దారి పడతారు. ఆ నిర్ణయానికి ముందే కొన్ని రోజులు కంపెనీల్లో గడిపి పని ఎలా ఉంటుందో చూస్తారు. ఆ దారిలో వెళ్లినవాళ్లకు పై చదువుల విశ్వవిద్యాలయాల తలుపు మూసుకోదు. ఆఖరి మాట మన దగ్గర ఎవరూ గట్టిగా చెప్పడం లేదు. వృత్తి కోర్సు చదివినవాడు ఇంజనీరింగ్‌లోకి రాలేడన్న భయం ఉన్నంత కాలం తల్లిదండ్రులు పిల్లల్ని అటు పంపరు.

అంత దూరం పోనక్కర్లేదు. మహారాష్ట్రలో పుణే దగ్గరి పాబల్ గ్రామంలో డాక్టర్ శ్రీనాథ్ కల్బాగ్ అనే శాస్త్రవేత్త 1983లో విజ్ఞాన్ ఆశ్రమం పెట్టారు. ఆయన రూపొందించిన పాఠక్రమంలో హైస్కూలు పిల్లలు వారంలో ఒక రోజు వెల్డింగు, కరెంటు పని, సేద్యం, పశుపోషణ, రక్తపరీక్షల వంటివి చేస్తారు. ఆ పనులు ఊరికి నిజంగా పనికివచ్చేవే కావాలి. గేటు చేస్తే ఎవరి ఇంటికో బిగించాలి, నేల పరీక్ష చేస్తే ఒక రైతు దాన్ని వాడుకోవాలి. మన రాష్ట్రంలోనే కుప్పం దగ్గర ఉన్న, 1999లో మొదలైన అగస్త్య ఫౌండేషన్ ప్రయోగాలను బండ్లలో పల్లె బడులకు తీసుకెళ్తోంది. పిల్లలే తోటి పిల్లలకు పాఠం చెప్పేలా తయారు చేస్తోంది. డబ్బు కంటే ఓపికతో నడిచిన పనులివి.

భీమవరానికి అరువు తెచ్చుకోవాల్సింది ఇంతకంటే తక్కువే. ఇక్కడి నేల చుట్టూ ఉన్నవి చూడండి. మార్టేరులోని వరి పరిశోధన స్థానం 1925లో మొదలైంది. ఎంటీయూ అన్న మూడక్షరాలు మార్టేరువే. 1982లో అక్కడి నుంచి వచ్చిన స్వర్ణ, అంటే ఎంటీయూ 7029, బెంగాల్, ఒడిశా, బంగ్లాదేశ్ పొలాల్లోకీ పాకింది. వరదలో రెండు వారాల పాటు మునిగినా తట్టుకునేలా దానికి ఒడిశా దేశవాళీ వరి నుంచి తీసిన ఒక జన్యువును చేర్చి 2009లో స్వర్ణ సబ్1ను విడుదల చేశారు. సార్వాకు స్వర్ణ వేసిన ఇంట పుట్టిన పిల్లలకు, ఆ విత్తనాన్ని తయారు చేసిన ల్యాబు తమ ఊరికి బస్సులో వెళ్లి రాగలిగేంత దగ్గరలో ఉందని తెలియకపోవడం బాధాకరం. వరి పువ్వులో ఆరు పుప్పొడి తిత్తులుంటాయి. సంకరం చేసేటప్పుడు వాటిని చిన్న పటకారుతో ఒక్కొక్కటీ లాగేస్తారు. అక్టోబర్ నెలలో ఒక ఉదయం ఆ పని తన చేత్తో చేసి చూసిన పిల్ల, జీవశాస్త్రం అంటే ఎంబీబీఎస్ ఒక్కటే అనుకోదు.

ఉండిలో కృషి విజ్ఞాన కేంద్రం, మత్స్య పరిశోధన స్థానం ఉన్నాయి. తాడేపల్లిగూడెం పక్కన వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం, తాడేపల్లిగూడెంలో ఎన్‌ఐటీ, భీమవరంలోనే 1980లో పెట్టిన ఎస్‌ఆర్‌కేఆర్ ఇంజనీరింగ్ కాలేజీ, విష్ణు విద్యాసంస్థలు ఉన్నాయి. నరసాపురం దగ్గర మత్స్య విశ్వవిద్యాలయానికి 2022లో శంకుస్థాపన జరిగింది. ఈ కాలేజీల్లో వేల మంది పిల్లలు చదువుతున్నారు. వాళ్లలో రెండో సంవత్సరం చదివే ఒక్కొక్కరికి పక్క ఊరి బడి పిల్లల ఒక జట్టును అప్పగిస్తే, ఆ పిల్లలకు మరీ పెద్దవాళ్లు కాని అన్నయ్యో అక్కో దొరుకుతారు. ఇంజనీరింగ్ చదువు ఎలా ఉంటుందో కోచింగ్ ప్రకటనల కంటే వాళ్లు నిజాయితీగా చెబుతారు.

నరసాపురం లేసు ఈ విషయంలో ఒక పాఠం. పంతొమ్మిదో శతాబ్దంలో మిషనరీలు నేర్పిన ఆ అల్లిక 2024లో భౌగోళిక గుర్తింపు పొందింది. జర్మన్ సామాజిక శాస్త్రవేత్త మరియా మీస్ 1982లో నరసాపురం లేసు కార్మికుల మీద పుస్తకం రాశారు. గంటల తరబడి అల్లే స్త్రీలను ‘తీరిక వేళ అల్లుకునే గృహిణులు’గా లెక్కగట్టి, వాళ్ల శ్రమ విలువను ఎలా కనపడకుండా చేశారో ఆమె ఆ పుస్తకంలో చూపించారు. కాబట్టి లేసు చూడటానికి వెళ్లిన విద్యార్థి క్రోషే సూది పట్టుకుని రెండు గొలుసులు అల్లి వచ్చేస్తే చాలదు. ఒక టేబుల్ క్లాత్‌కు ఎన్ని గంటలు పట్టింది, అల్లిన ఆమె చేతికి ఎంత వచ్చింది, మధ్యవర్తికి ఎంత, ఎగుమతిదారుకి ఎంత, కొన్న దేశంలో ఎంతకు అమ్ముడుపోయింది అనే లెక్క రాయాలి. ఆ లెక్క రాసిన అమ్మాయి రేపు డిజైనర్ కావచ్చు, సహకార సంఘం నడపవచ్చు, కార్మిక హక్కుల న్యాయవాది కూడా కావచ్చు. పని నేర్పడం అంటే ఆ పని మీద ప్రశ్నలు వేయడం నేర్పడం కూడా.

ఆక్వాకూ ఇదే వర్తిస్తుంది. 2024లో అమెరికాలోని ఒక హక్కుల సంస్థ భారత రొయ్యల పరిశ్రమలో కార్మికుల పరిస్థితుల మీద తీవ్రమైన నివేదిక వెలువరించింది. ఎగుమతిదారులు దాన్ని తోసిపుచ్చారు. భీమవరం దగ్గర తుందుర్రులో ఆక్వా ఫుడ్ పార్కు వద్దంటూ, గొంతేరు డ్రెయిన్ నీరు పాడవుతుందంటూ గ్రామస్థులు సుదీర్ఘంగా పోరాడారు. ఈ సంగతులన్నీ దాచి, మెరిసే ప్లాంటు ఒక్కటే చూపితే పిల్లల్ని మోసం చేసినట్టే. మురుగు కాలువలో నీటి పీహెచ్, అమ్మోనియా, ఉప్పుశాతం నెలకోసారి కొలిచి పంచాయతీ బోర్డు మీద రాసే పని ఒక తొమ్మిదో తరగతి జట్టుకు అప్పగించవచ్చు. ఒక ఏడాది రీడింగులు ఉంటే ఆ ఊరికి అదే తొలి రికార్డు అవుతుంది. పర్యావరణ ఇంజనీరింగ్ అనే చదువు ఉందని వాళ్లకు అలా తెలుస్తుంది.

బాలకార్మిక చట్టం ఇక్కడ స్పష్టంగా ఉంది. 2016 సవరణ తర్వాత, కొన్ని మినహాయింపులు తప్ప, 14 ఏళ్లలోపు పిల్లల్ని ఏ పనిలోనూ పెట్టుకోకూడదు. 14 నుంచి 18 ఏళ్ల వారిని ప్రమాదకర పనుల్లో పెట్టుకోకూడదు. అందుకే ఇలా బయటికి వెళ్లే రోజుల్లో పిల్లలు నేర్చుకోవడానికి వెళ్లినవాళ్లుగానే ఉండాలి. ఉత్పత్తి లక్ష్యం, జీతం, రాత్రి షిఫ్టు ఏవీ ఉండకూడదు. అమోనియాతో నడిచే ఫ్రీజింగ్ గదుల్లోకి, యంత్రాల దగ్గరికి వెళ్లకుండా గీత గీయాలి. ప్రతి జట్టుతో ఒక టీచరు ఉండాలి, అమ్మాయిల జట్టుతో టీచరమ్మ ఉండాలి. ప్రమాద బీమా ఖర్చు పిల్లల మీద పడకూడదు. ఈ నిబంధనలు లేకుండా మొదలుపెట్టిన పథకం ఒక్క ప్రమాదంతో జిల్లా అంతటా ఆగిపోతుంది.

భీమవరంలో ఈ వాదనకు ఒక పేరు దానంతటదే గుర్తుకొస్తుంది. 1895 జనవరి 12న ఇక్కడ పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు మెట్రిక్యులేషన్ మూడో ప్రయత్నంలో గాని గట్టెక్కలేదు. స్ప్రూ అనే రోగం అన్నదమ్ములను బలి తీసుకుంది. వైద్యం చదివి, 1923లో బోస్టన్ చేరి, తర్వాత లెడర్లీ ప్రయోగశాలలో ఆయన నడిపిన బృందం ఫోలిక్ యాసిడ్‌ను సంశ్లేషించింది. స్ప్రూకు అదే మందైంది. ఆయన దారిని నిర్ణయించింది పరీక్షలో వచ్చిన మార్కు కాదు, ఇంట్లో కళ్లారా చూసిన రోగం. అంత కష్టం ఏ పిల్లకూ రాకూడదు. కానీ కళ్లారా చూడటమనే భాగాన్ని బడి తన బాధ్యతగా తీసుకోవచ్చు.

ఇక ఎవరు చేయాలి అన్నది మిగిలింది. అరవై మంది ఉన్న ఒక తొమ్మిదో తరగతిని ఆరుగురి చొప్పున పది జట్లు చేస్తే, ఏడాదిలో పది రోజులకు పది చోట్లు కావాలి. రోజుకో చోటు మార్చితే ప్రతి జట్టూ పదీ చూస్తుంది. ఆ పది చోట్లు వెతకడం ప్రతి హెడ్మాస్టరు ఒంటరిగా చేసుకోవాల్సిన పని కాదు. 2022 ఏప్రిల్‌లో భీమవరం జిల్లా కేంద్రమైంది. కలెక్టర్ కార్యాలయం, విద్యాశాఖ, మత్స్యశాఖ, సముద్ర ఉత్పత్తుల ఎగుమతులు చూసే ఎంపెడా కార్యాలయం ఇప్పుడు ఒకే ఊళ్లో ఉన్నాయి. హేచరీలు, ప్లాంట్లు, రైస్ మిల్లులు, ఆసుపత్రులు, లేసు ఎగుమతిదారులు, మార్టేరు, ఉండి పరిశోధన కేంద్రాలు ఏ రోజున ఎంత మందిని తీసుకోగలవో ఒక జాబితా జిల్లా విద్యాశాఖ దగ్గర ఉండాలి. బడులు అందులోంచి రోజులు ఎంచుకోవాలి. పది రోజులు తొమ్మిదో తరగతిలోనే ఎక్కువ ఉపయోగపడతాయి, ఎందుకంటే పదో తరగతి వచ్చేసరికి జులై నుంచే పరీక్షల గొడవ. జూన్ 12న బడులు తెరిచాక ఆగస్టులోపు ఆసుపత్రులు, ల్యాబులు, దుకాణాలు చూపవచ్చు. వరి పూతకొచ్చే అక్టోబర్‌లో మార్టేరు, సార్వా కోతల నవంబర్‌లో మిల్లులు. రొయ్యల చెరువులకు మాత్రం సీడ్ దింపే రోజు ఒకసారి, పట్టుబడి రోజు ఒకసారి, అదే చెరువుకు, అదే జట్టు వెళ్లాలి. మధ్యలో దాదాపు వంద రోజులు ఆ చెరువు రీడింగులు బడి గోడ మీద రాసుకోవాలి. వచ్చే విద్యా సంవత్సరానికి ఈ జాబితా సిద్ధం కావాలంటే వేసవి సెలవుల్లోనే విద్యా, మత్స్య శాఖల అధికారులు కూర్చుని ఉత్తరాలు పంపడం మొదలుపెట్టాలి.